మగ్గం ఆడుతాందా

వెంకటేశ్వరమ్మ కడుపుమంట ఒక చొక్కా దగ్గర మొదలైంది.

మొగుడు గిడ్డయ్య తెల్లచొక్కా కుడిచేతిని ఎవరో భుజం కిందినుంచి మణికట్టు దాకా నిలువునా కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, నాలుగు టిచ్ బటన్లు పెట్టారు. ఆదోనిలో డయాలసిస్‌కు పడుకున్నప్పుడు చొక్కా విప్పే పని లేకుండా, ఆ బటన్లు తీస్తే చాలు, సూదులు గుచ్చే చోటు బయటపడుతుంది. మంచి ఉపాయమే. ఉపాయంతో ఆమెకు పేచీ లేదు, కుట్టుతోనే పేచీ. ఎమ్మిగనూరులో నేసేవాళ్ళ ఇంట పుట్టి, నేసేవాళ్ళ ఇంటికే కోడలై వచ్చి, నూలు కండెలు చుట్టీ చుట్టీ బొటనవేలు కాయగట్టిన మనిషి ఆమె. దారం చూస్తే చాలు, దాన్ని పట్టుకున్న చెయ్యి ఎలాంటిదో చెప్పగలదు. లోపలి అంచు ఒంటికి గీరుకోకుండా మెత్తటి గుడ్డ పెట్టి మరీ కుట్టిన ఈ చెయ్యి ఆడమనిషిది. అదీ తొందర లేకుండా, ఇష్టంగా కూర్చుని కుట్టింది.

ఎవరు కుట్టారని అడిగితే, ఆదోనిలో టైలరు అన్నాడు గిడ్డయ్య. అబద్ధం కాదు, సగం నిజం. మిగిలిన సగం కోసం ఆమె నెల రోజులు కాచుకుంది.

ఆ నెలలోనే ఫోను సంగతి కూడా కంటబడింది. పొద్దున ఆరు గంటలకు గిడ్డయ్య లేచి, ఫోను తీసుకుని, ఒకప్పుడు మగ్గం ఉండిన వెనక గదిలోకి పోతాడు. ఆమె నిద్ర నటిస్తూ కంటి కొసల నుంచి చూస్తుంది. వీపు మాత్రమే కనబడుతుంది. మాట ఉండదు. ఫోను చెవి దగ్గర కూడా ఉండదు, దుప్పటి లోపల ఎక్కడో రొమ్ము దగ్గర పెట్టుకున్నట్టు ఉంటుంది. ఒక నిమిషం అట్లా నిలబడి, ఆ తర్వాత చెవికి పెట్టుకుని, "సరేమ్మా" అని ఒక్క మాట అని కట్టేస్తాడు. వచ్చి పడుకుంటాడు, మొహంలో నెమ్మది కనబడుతుంది. ఏదైనా మాట్లాడి ఉంటే వెంకటేశ్వరమ్మ ఓర్చుకునేదేమో. మాటలు కూడా అక్కర్లేనంత దగ్గరితనం ఏమిటని ఆమెకు ఒళ్ళు మండింది. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఈ మనిషి తనతో ఒక నిమిషం ఊరికే నిలబడింది ఎప్పుడో ఎంత వెతికినా జ్ఞాపకం రాలేదు.

గిడ్డయ్యకు షుగరు ముదిరి కిడ్నీలు పోయి మూడేళ్ళయింది. ఎమ్మిగనూరులో మంచం దొరకక ఆదోనికి పోతున్నాడు, మంగళ, గురు, శనివారాలు. రక్తాన్ని యంత్రంలోకి తీసి కడిగి మళ్ళీ ఎక్కించడానికి మామూలు నరం సరిపోదు. చేతిలో రెండు రక్తనాళాలను కోసి ఒకదానికొకటి కలుపుతారు. ఫిస్టులా అంటారు దాన్ని. కలిపిన చోట రక్తం ఉరవడిగా పారి, చర్మం కింద గుర్రుమని అదురుతుంటుంది. ఆ అదురు ఉన్నన్నాళ్ళూ ప్రాణానికి దారి ఉన్నట్టు. అక్కడ రక్తం గడ్డకట్టిందంటే అదురు ఆగిపోతుంది, దారి మూసుకుపోతుంది. అందుకే రోజూ ముట్టి చూసుకోమంటారు.

మొదట ఎడమచేతికి చేశారు. రోజూ ముట్టి చూసే పని వెంకటేశ్వరమ్మది. వేలితో నొక్కి పట్టి "కొట్టుకుంటాంది" అని చెప్పేది, ఆయన బస్సెక్కేవాడు. రెండేళ్ళ కింద ఒక గురువారం అట్లాగే చెప్పి పంపింది. ఆదోనిలో సూది గుచ్చబోతే అది ఆగిపోయి ఉంది. "బస్సులో నిలిచిపోయిందంట" అని సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాడు. ఎడమచెయ్యి ఇక పనికిరాదన్నారు. కుడిచేతికి చేశారు. మగ్గం మీద అటూ ఇటూ నాడె విసిరే చెయ్యి అది. దానితో మగ్గం పని అయిపోయింది, మగ్గం అమ్మేశారు. ఈ కుడిచెయ్యి కూడా పోతే మిగిలేవి నాసి నరాలేనని అప్పుడే హెచ్చరించారు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు గిడ్డయ్య ఆమె చెయ్యి పక్కకు జరిపి, ఈ చేతిని ఇంట్లో ఎవరూ ముట్టకూడదన్నారని చెప్పాడు. డాక్టరు మాట కదా, ఆమె ముట్టలేదు. మంచం మీద కూడా ఎడమ పక్కకు మారి పడుకుంది.

ఒక శనివారం, చెప్పాపెట్టకుండా చీర మార్చుకుని, ఆయనతో పాటు బస్టాండుకు నడిచింది. నీకెందుకు, మోకాళ్ళ నొప్పులు కదా అన్నాడు గిడ్డయ్య. మోకాళ్ళు నావి, నొప్పి నాది అంది ఆమె. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆదోని వచ్చేదాకా బయటికే చూసింది. మొగుడు ఒకటి రెండుసార్లు ఆమె వైపు చూసి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం కూడా ఆమె లెక్కలో నేరమే అయింది.

డయాలసిస్ కేంద్రంలో ఆరు మంచాలు. యంత్రాలు చూసే దినేష్ ఆమెను గుర్తుపట్టి, చెప్పులు బయట విడిచి కాసేపు లోపలికి రమ్మన్నాడు. గిడ్డయ్య తన మంచం మీద కూర్చుని చొక్కా బటన్లు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. పక్క మంచం మీద నుంచి ఒకామె దిగి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, నల్ల బురఖా పైభాగం వెనక్కి వేసుకుని ఉంది, కళ్ళ కింద వాపు, అయినా ముఖాన చిరునవ్వు. వచ్చి, అడగనైనా అడగకుండా, గిడ్డయ్య కుడిచేతి మీద తన నాలుగు వేళ్ళూ ఆనించి కళ్ళు మూసుకుంది.

వెంకటేశ్వరమ్మ గడపలోనే నిలబడిపోయింది.

"ఏమ్మా తస్లీమా, మగ్గం ఆడుతాందా?" అన్నాడు గిడ్డయ్య.

"జోరుగా ఆడుతాందన్నా" అందామె. ఇద్దరూ నవ్వుకున్నారు.

తస్లీమా చూసిందేమిటో వెంకటేశ్వరమ్మకు తెలియకపోలేదు. అదురు చూసింది, అంతే. కానీ ఇంట్లో పెళ్ళాం ముట్టకూడని చేతిని పరాయి ఆడమనిషి ముట్టవచ్చా? అది ఒక మంట. ఆ మాట ఇంకో మంట, దానికంటే పెద్దది. మగ్గం ఆడుతాందా అన్నది వాళ్ళ వీధిలో ఒకరినొకరు బాగున్నారా అని అడిగే తీరు. మగ్గం ఆడితే ఇల్లు గడుస్తున్నట్టు. వాళ్ళ మగ్గం అమ్ముకున్న రోజు ఆమె మూలకు కూర్చుని ఏడ్చింది, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు, ఆ తర్వాత ఆ మాట ఇంట్లో వినబడనే లేదు. ఇంట్లో చచ్చిన మాటను ఇక్కడికి తెచ్చి, పరాయి మనిషి నోట్లో పెట్టి, ఇద్దరూ దాన్ని బతికించుకుని నవ్వుకుంటున్నారు. ఇంట్లో మాత్రం నవ్వు లేదు. తను కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్ళు వంచి, మళ్ళీ ఉడకబెట్టి, ఉప్పు లేకుండా వండిపెడితే మొహం చిట్లించే మనిషి ఇక్కడ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు.

తస్లీమా ఆమెను చూసి, వదినా రాండి, అన్న మీ గురించి చెప్తానే ఉంటాడు అంది. బట్టలు కుడతానని, మొగుడు జబ్బు చూసి విడిచిపెట్టిపోయాడని, ఒక్కతే ఉంటానని తనే చెప్పుకుంది. పనిలో పనిగా, అన్న చొక్కా కూడా తనే కుట్టానంది. ఒక్కతే అన్న మాట వెంకటేశ్వరమ్మ చెవిలో ముల్లులా దిగింది. మిగతావన్నీ చెవి బయటే ఉండిపోయాయి. అన్నా అని పిలిస్తే చాలదు కదా, ఆ పిలుపు కింద ఏముందో ఎవరికి తెలుసు అనుకుంది. డబ్బాలోంచి తస్లీమా ఉడికిన గుడ్డు తీసి, పచ్చసొన పక్కన పెట్టి, తెల్లది గిడ్డయ్య చేతికి ఇస్తే, వెంకటేశ్వరమ్మ బయటికొచ్చి నాలుగు గంటలు మెట్ల మీద కూర్చుంది.

ఆ రోజు యంత్రం గిడ్డయ్య ఒంట్లోంచి మామూలుకంటే ఎక్కువ నీరు తీసింది. బీపీ పడిపోయి, బస్సులో ఆమె భుజం మీద తల వాల్చి ఎమ్మిగనూరు దాకా నిద్రపోయాడు. ఆ తల బరువు ఆమెకు హాయిగానే ఉంది. హాయిగా ఉన్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఇంటికొచ్చి ఆయన మంచం మీద ఒరిగాక ఫోను తీసి చూసింది. టైలర్ అని ఒక పేరు. దాని కింద వరసగా పొద్దున ఆరు గంటల ఫోన్లు. ఆదివారం, సోమవారం, బుధవారం, శుక్రవారం. ఆదోనికి పోయే రోజుల్లో లేవు. కలుసుకోని రోజుల్లోనే ఉన్నాయి. కలుసుకునే రోజు కళ్ళారా చూసుకుంటారు, కలవని రోజు ఫోను చేసుకుంటారు, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? వెంకటేశ్వరమ్మ ఫోను మోగకుండా నొక్కి, గుడ్డలో చుట్టి, జొన్నల డబ్బాలో అడుగుకు దించేసింది. మూత పెట్టాక గుండె కాస్త చల్లబడింది.

ఆదివారం పొద్దున గిడ్డయ్య దిండు కింద చూశాడు, మంచం కింద చూశాడు, చొక్కా జేబులు తిరగేశాడు. బస్సులో పారేసుకున్నావేమోనప్పా అంది ఆమె, పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తకుండా. పక్కింటి గోవిందన్న దగ్గరికి పోయాడు. ఆయన దగ్గర ఫోను ఉంది గానీ గిడ్డయ్యకు నంబరు నోటికి రాదు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆమె జొన్నలు తీసే నెపంతో డబ్బా మూత తీసి చూస్తే, తస్లీమా ఏడుసార్లు చేసి ఉంది. వెంకటేశ్వరమ్మకు ఆ ఏడూ ఏడు పాయసం గిన్నెల్లా తోచాయి. అల్లాడనీ, నేనెంత అల్లాడినానో తెలియొద్దా అనుకుంది. ఆ పూట కూనిరాగం తీస్తూ ఇల్లు ఊడ్చింది.

మధ్యాహ్నం ఎండకు రేకులు వేడెక్కి ఇల్లు ఉడికిపోతోంది. గిడ్డయ్యకు రోజుకు మూడు గ్లాసుల నీళ్ళే. రెండు అప్పటికే అయిపోయాయి. మంచం మీద లేచి కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో తడుముతూ, చెవి దాకా ఎత్తుకుంటూ, దించుకుంటూ చాలాసేపు ఏదో అవస్థపడ్డాడు. తర్వాత ఆమె వైపు చెయ్యి చాచాడు.

"ఏమే, ఒకసారి..."

"ఏంది?"

"ఏం లేదు, ఒకసారి సూస్తావేమోనని."

ఆమె గుండె ఒక్కసారి ఆ చేతి వైపు పోయింది. పోయి, ఆదోని మంచం దగ్గర కళ్ళు మూసుకున్న ఆ ముఖం గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. "నేను ముట్టగూడదన్న చెయ్యి నా ముందరికెందుకు తెస్తావు? ముట్టేవాళ్ళు ఉండారు కదా నీకు" అంది.

గిడ్డయ్య ఆమె మొహంలోకి చూశాడు. కోపం రాలేదు. "నిజమేలే" అని చెయ్యి వెనక్కి తీసుకుని, ఎల్లుండి ఆదోనిలో ఎట్లాగూ చూస్తారు కదా అని తనకు తనే చెప్పుకుని పడుకున్నాడు. గెలిచింది తనే అనుకుంది వెంకటేశ్వరమ్మ. ఆ గెలుపుకు రుచి లేదెందుకో తెలియక, మొగుడి మీద ఇంకాస్త కోపం పెంచుకుంది.

సోమవారం పొద్దున ఆరు గంటలకు జొన్నల డబ్బా గుర్రుగుర్రుమంది. ఈసారి ఆమె ఆగలేకపోయింది. ఫోను తీసుకుని స్నానాల గదిలోకి పోయి తలుపు వేసుకుని ఎత్తింది. మాట్లాడలేదు. వాళ్ళు ఏం మాట్లాడుకుంటారో వినాలని ఆమె తపన.

"అన్నా, నిన్న ఎత్తలేదేం? సరే, పెట్టు, వింటా" అంది తస్లీమా.

వెంకటేశ్వరమ్మ ఊపిరి బిగబట్టి, కొంగుతో ఫోను కప్పి నిలబడింది. పెట్టేదేమిటో, వినేదేమిటో అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. ఒక నిమిషం గడిచింది. కొంచెం పైకి పెట్టన్నా అంది అవతలి గొంతు. ఇంకో అర నిమిషం. తర్వాత యా అల్లా అని ఒక చిన్న మాట, ఫోను కట్టయింది. ఓహో, మాట దొరక్కపోతే ప్రాణం పోతుందన్నమాట అనుకుంది ఈమె. జొన్నల డబ్బాలో ఫోను మళ్ళీ దించి, చేతులు దులుపుకుంది.

తొమ్మిది గంటలకు వాకిట్లో ఆటో ఆగింది. తస్లీమా దిగింది. పాదాలు రొట్టెల్లా వాచి ఉన్నాయి. రెండు రోజులుగా కడగని రక్తం, ఒంట్లో నిలిచిన నీరు, మూడడుగులు వేసేసరికి ఆయాసం. దారిపొడవునా గిడ్డయ్య ఇల్లు ఏదని అడుగుతూ వచ్చిందట. వెంకటేశ్వరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఈడికి కూడా వచ్చినావా అని గట్టిగానే అడిగింది, వీధిలో ఇద్దరు తలలు తిప్పేలా. తస్లీమా ఆమె చంక కింది నుంచి దూరినట్టు లోపలికి పోయి, గిడ్డయ్య మంచం పక్కన కూలబడి, చేతి మీద నాలుగు వేళ్ళూ పెట్టింది. వేళ్ళు ఒక చోట నుంచి ఇంకో చోటికి జరిగాయి. చెవి ఆనించి విన్నది.

"నిలిచిపోయిందన్నా" అంది. "మగ్గం నిలిచిపోయింది."

గిడ్డయ్య మొహం పాలిపోయింది. అప్పుడైనా వెంకటేశ్వరమ్మకు భయం ముందు రావాలి. రాలేదు. ఇది నాటకం, ఈ వంకతో ఇల్లు కూడా తొక్కింది అన్న ఆలోచనే ముందు వచ్చింది. విసురుగా పోయి, తస్లీమా చెయ్యి తీసి పక్కన పెట్టి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి మొగుడి కుడిచేతిని పట్టుకుంది. బొటనవేలితో నొక్కింది.

"కొట్టుకుంటాందే. బాగనే కొట్టుకుంటాంది. ఎవరికి సెప్తావు నిలిచిపోయిందని?"

తస్లీమా ఆ బొటనవేలి వైపు చూసింది. గిడ్డయ్య వైపు చూసింది. గిడ్డయ్య వద్దన్నట్టు తల ఊపాడు. కానీ ఆమె అప్పటికే వెంకటేశ్వరమ్మ చెయ్యి పట్టుకుని, ఆ వేలిని మంచం కోడు మీద, ఉత్త కట్టె మీద అదిమి పెట్టింది.

"ఈడ గూడా కొట్టుకుంటాది వదినా, సూడు."

కొట్టుకుంటోంది. కట్టెలో ప్రాణం ఉన్నట్టు, టక్ టక్ మని, వేలి కింద.

"బొటనవేలికి దాని నాడి దానికి ఉంటాది. గట్టిగా నొక్కితే అదే తెలుస్తాది. చేతిలోది కాదు అది, నీది" అంది తస్లీమా.

వెంకటేశ్వరమ్మ వేలు తీయలేదు. రెండేళ్ళ కిందటి గురువారం కళ్ళ ముందుకు వచ్చింది. ఆ రోజూ ఇదే వేలు, ఇట్లాగే నొక్కింది, కొట్టుకుంటాంది అని ఇట్లాగే చెప్పింది. ఆ రోజు అది కొట్టుకున్నదో లేదో, అంతకు ముందు రోజు కొట్టుకున్నదో లేదో, దేవుడికే తెలియాలి. ఎడమచెయ్యి బస్సులో పోలేదు. తన వేలి కింద పోయింది. ఈ చెయ్యి ఎవరూ ముట్టకూడదన్నది డాక్టరు మాట కూడా కాదు, ఆయన కల్పించినదే. ఆమె తల ఎత్తి చూస్తే గిడ్డయ్య రేకుల కప్పు వైపు చూస్తున్నాడు.

తస్లీమా గబగబా దినేష్‌కు ఫోను చేసింది. కర్నూలుకు పోండి, ఇప్పుడే పోండి, చేతిని పిసకొద్దు, రుద్దొద్దు అని అతను ఒక డాక్టరు పేరు చెప్పాడు. గోవిందన్న కారు మాట్లాడే లోపు వెంకటేశ్వరమ్మ అడగాల్సిన నాలుగు ముక్కలూ అడిగింది. ఈయనే చూసుకోవచ్చు కదా, నీకు ఫోనెందుకు అని. షుగరుతో అన్న వేలి కొసలు మొద్దుబారి ఏడాది దాటిందని, మగ్గం చప్పుడుకు చెవులు ముందే మందగించాయని, అందుకే కలవని రోజుల్లో ఫోనును చేతికి ఆనిస్తే తను విని చెబుతానని తస్లీమా చెప్పింది. ఈ పొద్దు ఎత్తాడు గానీ ఏ చప్పుడూ వినబడలేదు, అందుకే పరుగెత్తి వచ్చానంది. వెంకటేశ్వరమ్మకు అర్థమైంది. ఆ వినబడనిది మొగుడి చెయ్యి కాదు, స్నానాల గదిలో బిగబట్టిన తన ఊపిరి. తన కుళ్ళుతో చేసిన ఆ పనే ఈ మనిషిని ఇక్కడికి తెచ్చిందన్నది తర్వాతెప్పుడో తట్టింది. అప్పుడు మాత్రం సిగ్గు తప్ప ఏమీ తట్టలేదు.

తస్లీమా కర్నూలుకు రాలేనంది. మర్నాడు తన డయాలసిస్ ఉంది, అది తప్పితే ఊపిరి అందదు. ఎమ్మిగనూరు బస్టాండులో దిగుతూ, నాలుగు వేళ్ళు వదినా, తేలిగ్గా పెట్టు, బొటనవేలు మాత్రం వద్దు అంది.

కోడుమూరు దాటేదాకా కారులో వెంకటేశ్వరమ్మ బొటనవేలిని పిడికిట్లో దాచుకుని కూర్చుంది.

కర్నూలులో డాక్టరు చేతి మీద స్కాను యంత్రం జరుపుతూ వివరంగా చెప్పాడు. కిడ్నీలు చెడినవాళ్ళ రక్తం నమ్మేది కాదట. ఒక్కోసారి కారితే ఆగదు, ఒక్కోసారి ఊరికే గడ్డకడుతుంది. ఒంట్లో నీరు ఎక్కువ తీసినా, బీపీ పడినా, ఎండకు ఒళ్ళు ఎండినా, ఫిస్టులాలో పారే రక్తం నెమ్మదించి గడ్డ ఏర్పడుతుంది. పచ్చి గడ్డ అయితే తీయొచ్చు, ముదిరితే గోడకు అతుక్కుని ఈ చెయ్యి కూడా పోతుంది. చివరిసారి అదురు ఎప్పుడు చూశారు అని అడిగాడు.

"నిన్న సాయంత్రం సార్" అన్నాడు గిడ్డయ్య. "నేనే సూసుకున్నా."

అయితే ఇంకా టైముంది, రేపు పొద్దున ముందుగా చేద్దాం అని డాక్టరు కాగితం మీద రాయబోయాడు.

వెంకటేశ్వరమ్మకు తెలుసు, ఈయన వేళ్ళకు ఏమీ తెలియదు. తనను కాపాడటానికి ఇంకో చెయ్యి కూడా ఇచ్చేసేలా ఉన్నాడు. లోపల ఏదో తెగింది.

"కాదు సార్" అంది. "శనివారం పొద్దున సూసిందే ఆఖరు. నిన్న సూసుకునేదానికి ఈయనకు ఫోను లేదు. నేను జొన్నల డబ్బాలో దాచినా. ఆదోనిలో ఒకామె ఫోను చేస్తాదని కడుపుమంటతో దాచినా. ఈ పొద్దు ఆమె వచ్చి సూసి సెప్తేగానీ మాకు తెలీదు."

నర్సు ఒకామె ఆగి చూసింది. డాక్టరు గడియారం చూసి, రెండు రోజులు దాటుతోంది, రేపటి దాకా ఆగే పని కాదు, ఇప్పుడే లోపలికి తీసుకోండి అన్నాడు. స్ట్రెచరు మీద పోతూ గిడ్డయ్య ఆమె వైపు తల తిప్పాడు. "జొన్నల డబ్బాలోనా?" అన్నాడు. కోపమో నవ్వో తెలియలేదు.

రెండు గంటలు పట్టింది. వరండా బల్ల మీద కూర్చుని ఆమె తన బొటనవేలిని చూసుకుంటూ ఉంది. అసూయ అప్పటికీ పోలేదు, ఎక్కడికి పోతుంది? వేళ్ళు చచ్చిన సంగతి తనకు చెప్పకుండా ఆమెకు చెప్పుకున్నాడే అని అప్పుడు కూడా లోపల ఒక మూల రగులుతూనే ఉంది. కాకపోతే ఆ మంటలో ఇప్పుడు తను కూడా ఉంది.

సాయంత్రం వార్డులో చూడనిచ్చారు. గడ్డ తీశాం, మూడు అంగుళాలు ఉంది, రక్తం పారుతోంది, అయినా మళ్ళీ గడ్డకట్టదని పూచీ లేదు, నెలరోజులు రోజుకు మూడు పూటలా చూడాలి అన్నాడు డాక్టరు. ఆమె కట్టుకు పైన, చర్మం కనబడే చోట, నాలుగు వేళ్ళూ వెన్న ముట్టినంత తేలిగ్గా పెట్టింది. మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి తెలిసింది. కొట్టుకోవడం కాదు అది, ఆగకుండా గుర్రుమనే సన్నటి వణుకు. ఇంతకు ముందు ఆ చేతిలో ఇటువంటిది ఒక్కసారైనా తన వేళ్ళకు తగిలిందా అని ఆలోచించింది. తగల్లేదు. మొదటి నుంచీ తను విన్నది తన నాడినే.

"నేసేవాని వేళ్ళు సచ్చిపోయినాయని ఇంట్లో ఎట్ల సెప్పేది" అన్నాడు గిడ్డయ్య, ఆమె అడగకముందే.

"అది సరే" అందామె. "ఎడమ చెయ్యి సంగతి సెప్పు. ఆ పొద్దు నేను సూసేటప్పటికే అది నిలిచిపోయిండె కదప్పా."

గిడ్డయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడేమో అనుకుంది.

"లేదు" అన్నాడు. "నువ్వు సూసినప్పుడు బాగా ఆడుతాండె. బస్సులో సీటు దొరక్క కమ్మీ పట్టుకుని నిలబడినా సూడు, ఆడ నిలిచింది. నందవరం దాటినాక."

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే దారిలో నందవరం లేదు. అది ఆ పక్కదే కాదు, మంత్రాలయం వైపుది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నెల రోజులుగా ఈ మనిషి ప్రతి మాటనూ పట్టుకుని దారం దారంగా విప్పి చూసిన వెంకటేశ్వరమ్మ, ఈసారి వేళ్ళు చేతి మీదే ఉంచి, దుప్పటి సర్దింది.

"అట్లనే అయ్యుంటాదిలే" అంది. "ఇంక మాట్లాడొద్దు, పడుకో."